చల్లగా సముద్రం దాటాలంటే...

మే నెల వచ్చిందంటే చాలు... పాకాల నుంచి దామలచెరువు దాకా రోడ్డు పొడవునా మామిడి ఘుమఘుమలే. ట్రాక్టర్లు, మినీ లారీలు, వరిగడ్డి పరిచిన బుట్టలు, సైజు చూసి కాయలు వేరుచేసే ఆడవాళ్లు, రాశుల చుట్టూ మూగే వ్యాపారులు. బేనీషా, ఖాదర్, మల్గూబా, ఇమాం పసంద్, నీలం... ఒక్కో రాశి ముందు ఒక్కో బేరం. పొరుగు రాష్ట్రాల లారీలు కూడా వచ్చి వరసలో నిలబడతాయి. ఈ హడావుడి అంతా రెండు మూడు నెలలే. ఆ కొద్దిరోజుల్లోనే తోట రైతు ఏడాది బతుకు తేలిపోవాలి.

ఎందుకంత తొందర? కాయ ఆగదు కాబట్టి! చెట్టు నుంచి కోసినా అది ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది, మగ్గుతూనే ఉంటుంది. దుబాయ్‌లోనో లండన్‌లోనో తినేవాళ్లు ఉన్నారు, మంచి ధర పెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ మధ్యలో సముద్రం ఉంది. ఓడ మీద వారాల తరబడి కాయని ఆపగలిగేది ఒక్కటే... చలి. అందుకే ఇవాళ తిండి సరుకుల వ్యాపారంలో అసలు ప్రశ్న సరుకు ఎవరి దగ్గరుంది అన్నది కాదు, చలి ఎవరి చేతిలో ఉంది అన్నది!

మూడు దారుల జంక్షన్

పాకాల రైల్వే జంక్షన్‌లో దారులు మూడు. ఒకటి తిరుపతికి, ఒకటి కాట్పాడికి, ఇంకొకటి ధర్మవరానికి. ఇక్కడి మామిడి విదేశాలకు వెళ్లాలన్నా ఉన్నవి మూడు దారులే.

మొదటిది... కాయని కాయలాగే పంపడం. అది గడ్డకట్టకూడదు, దారిలో మగ్గిపోనూ కూడదు. దాదాపు 13 డిగ్రీల చలిలో నిద్రపుచ్చి తీసుకెళ్లాలి. రెండోది... తొక్క తీసి, ముక్కలు కోసి, రాయిలా గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో పంపడం. మూడోది... చలి జోలికే పోకుండా గుజ్జు తీసి, వేడిచేసి, గాలి చొరబడని సంచిలో నింపి, డ్రమ్ములో పెట్టి పంపడం. చిత్తూరు ప్రాంతానికి ప్రపంచంలో పేరొచ్చింది ఈ మూడో దారిలోనే. మన దేశంలో మామిడి గుజ్జుకు రెండు పెద్ద కేంద్రాలున్నాయి. ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి.

మూడు దారులకీ మూడు గడువులు. పచ్చి కాయకి మూడు నాలుగు వారాలు. గడ్డకట్టిన ముక్కకి ఏడాది పైమాటే. డ్రమ్ములోని గుజ్జుకి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. గడువు పెరిగేకొద్దీ బేరంలో బలం పెరుగుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతా కథంతా ఇట్టే అర్థమైపోతుంది.

ఫ్రిజ్ కాదు, ఫ్లాస్కు!

హైవే మీద వెళ్తుంటే తెల్లరంగు వేసిన పొడవాటి ఇనుప పెట్టెలు కనిపిస్తుంటాయి. ముందువైపు గిర్రున తిరిగే ఫ్యాను, గుర్రుమనే యంత్రం. వ్యాపారంలో వాటిని రీఫర్ కంటెయినర్లు అంటారు. నలభై అడుగుల పెట్టెలో పాతిక టన్నులకు పైగా సరుకు పడుతుంది. లారీ మీద ఉన్నంతసేపూ పక్కన బిగించిన జనరేటరు దానికి కరెంటు ఇస్తుంది. రేవులోనూ ఓడలోనూ ప్లగ్గు పెట్టే చోట్లు ఉంటాయి. ఓడ బయల్దేరింది మొదలు దిగేదాకా ఆ ప్లగ్గు ఊడకూడదు. ఏ గంటకి లోపల ఎంత చలి ఉందో పెట్టెలోని యంత్రమే రాసిపెడుతుంది. సరుకు చెడిందని కొన్నవాడు పేచీ పెడితే ముందుగా అడిగేది ఆ చిట్టానే.

చాలామంది దీన్ని పెద్ద ఫ్రిజ్ అనుకుంటారు. కాదు. వేడి వేడి సరుకు లోపల పెడితే చల్లబరిచే శక్తి దానికి పెద్దగా ఉండదు. చల్లగా పెట్టినదాన్ని చల్లగా ఉంచడమే దాని పని. పాలు వెచ్చగా ఉంచే ఫ్లాస్కు తనంతట తాను పాలు కాచదు కదా... ఇదీ అంతే! మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో కోసిన కాయల్ని నేరుగా పెట్టెకెక్కిస్తే ఆ వేడి దిగేలోపే సగం కాయలు మగ్గిపోతాయి. కాబట్టి తెల్లవారుజామునే కోయాలి, నీడలో ఉంచాలి, కొన్ని గంటల్లోనే చల్లగదికి చేర్చి లోపలి వేడి లాగేయాలి. ఆ తర్వాతే కంటెయినరు. సముద్రయానం ఎలా సాగుతుందో తోటలో మొదటి పూటే తేలిపోతుందన్నమాట.

పేర్చడంలోనూ కిటుకు ఉంది. పెట్టె అడుగున నేల సాపుగా ఉండదు, పొడవునా గాళ్లుంటాయి. చల్లగాలి వాటిలోంచి వచ్చి పైకి లేచి, కప్పు కింద నుంచి మళ్లీ యంత్రంలోకి పోతుంది. లోపలి గోడ మీద ఎర్రగీత ఒకటి ఉంటుంది. అది దాటి పేర్చితే గాలికి తిరిగివెళ్లే దారి మూసుకుపోతుంది. గడ్డకట్టిన సరుకు అయితే అట్టపెట్టెల్ని ఒకదానికొకటి ఆనించి గోడలా కట్టేయొచ్చు, గాలి చుట్టూ తిరిగితే చాలు. పచ్చి పండు అలా కాదు. అది లోపల్నుంచి వేడి పుట్టిస్తుంటుంది కాబట్టి గాలి పెట్టెల మధ్య నుంచి పోవాలి. అందుకే పండ్ల అట్టపెట్టెలకి చిల్లులుంటాయి. ఈ చిల్లుకి ఆ చిల్లు ఎదురెదురుగా రాకపోతే మధ్యలోని కాయలు ఉక్కపోతతో పండిపోతాయి.

మంచు కూడా ఓడలోనే వచ్చింది

చల్లటి సరుకు మన దగ్గర్నుంచి ఓడెక్కడం ఈమధ్య సంగతి. ఒకప్పుడు చలే ఓడెక్కి మన దగ్గరికి వచ్చేది! అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువులు చలికాలంలో గడ్డకట్టినప్పుడు మంచు పలకలు కోయించి, రంపపు పొట్టులో పొదిగి, 1833లో కలకత్తాకి ఓడలో పంపించాడు. నాలుగు నెలల ప్రయాణం. కొంత కరిగిపోయినా మిగిలింది చాలు, దొరలు ఎగబడి కొన్నారు. ఆ ఊపులోనే 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున మంచు దాచడానికి ఓ కట్టడం లేచింది. అదే ఐస్‌హౌస్. 1897లో స్వామి వివేకానంద బస చేసింది అందులోనే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మామిడికి బయట దారి చూపే చెన్నై రేవు ఒకప్పుడు చలిని దిగుమతి చేసుకుందంటే విచిత్రమే మరి!

యంత్రంతో చలి పుట్టించి సరుకు పంపడం ఆ తర్వాతి కథ. 1882 ఫిబ్రవరి 15న న్యూజిలాండ్ నుంచి డునెడిన్ అనే తెరచాప ఓడ లండన్‌కి బయల్దేరింది. లోపల దాదాపు అయిదు వేల గొర్రె మాంసపు కళేబరాలు. ఉష్ణమండలం దగ్గరికి రాగానే చల్లగాలి అన్ని మూలలకీ అందడం లేదని కెప్టెన్ జాన్ విట్సన్‌కి తెలిసిపోయింది. గాలిగొట్టాల్లోకి స్వయంగా పాకి వెళ్లి కొత్తగా చిల్లులు కోశాడు. ఆ చలికి కొయ్యబారిపోతే కాళ్లకి తాడు కట్టి బయటికి లాగారట. 98 రోజుల తర్వాత ఓడ లండన్ చేరింది. పాడైంది ఒక్కటంటే ఒక్క కళేబరం! న్యూజిలాండ్ దేశం బతుకుదెరువే ఆ ఓడతో మారిపోయింది. అంతకుముందు గొర్రె అంటే ఉన్ని మాత్రమే, ఆ తర్వాత మాంసం కూడా డబ్బే. చలిని పుట్టించడం కన్నా చలిని తిప్పడమే కష్టమని ఆ కెప్టెన్ నేర్చుకున్న పాఠం... ఇవాళ్టి ఎర్రగీత, చిల్లుల అట్టపెట్టె అన్నీ దాని కొనసాగింపే.

ఆ మైనస్ 18 ఎందుకంటే...

గడ్డకట్టించడంలో రెండు రకాలున్నాయి. మెల్లగా చేస్తే ముక్కలోని నీరు పెద్ద పెద్ద మంచు సూదులుగా మారి కండని చీల్చేస్తుంది. కరిగాక అది జావగారిపోతుంది. గబగబా చేస్తే సూదులు చిన్నవిగా ఉంటాయి, ముక్క బిగువు చాలావరకు నిలుస్తుంది. ఈ సంగతి క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్‌కి కెనడా తూర్పున లాబ్రడార్‌లో తెలిసింది. అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప గాలిలోనే బిర్రబిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం చూశాడు. 1920ల్లో యంత్రాలతో అదే పని చేసి వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మామిడి ముక్కల మీదికి మైనస్ 35, 40 డిగ్రీల గాలి వదిలి నిమిషాల్లో విడివిడిగా గడ్డకట్టిస్తారు.

ఇక నిల్వకి, రవాణాకి మైనస్ 18. ఆ అంకె ఎక్కడిదో తెలుసా? అమెరికన్లు వాడే ఫారన్‌హీట్ కొలతలో సున్నా అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 18. గుండు సున్నా గుర్తుపెట్టుకోవడం తేలికని అదే ప్రపంచమంతా అలవాటైపోయింది. మూడు డిగ్రీలు తగ్గించి మైనస్ 15 చేస్తే బోలెడంత కరెంటు, ఇంధనం మిగులుతాయని 2023లో దుబాయ్ వాతావరణ సదస్సు వేళ కొన్ని రవాణా సంస్థలు కలిసి కూటమి కట్టాయి.

అమెరికాలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన పిల్లలకి ఈ మైనస్ 18 బాగా తెలుసు. ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ తలుపు తీస్తే మునక్కాయ ముక్కలు, గోరుచిక్కుడు, కొబ్బరి తురుము, పరోటాలు... అన్నీ ఓడెక్కి వచ్చినవే. సాంబార్‌లో మునక్కాయ పడిందంటే దాని వెనక ఇక్కడి రేవు నుంచి అక్కడి కొట్టు దాకా ఎన్నో చేతులు ప్లగ్గు ఊడకుండా చూసుకున్నాయన్నమాట.

మన ఫ్రిజ్‌లో పరీక్ష

గొలుసు ఎక్కడైనా తెగిందో లేదో ఇంట్లోనే కనిపెట్టొచ్చు. గడ్డకట్టిన బఠానీ ప్యాకెట్ కొనేటప్పుడు ఒకసారి ఊపి చూడండి. గింజలు గలగలమంటే మంచిదే. అంతా ఒకే ముద్దగా అతుక్కుపోయి ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ప్యాకెట్ లోపల మంచు పొర దట్టంగా పేరుకున్నా అనుమానించాల్సిందే. ఇంట్లో కూడా అంతే... ఒకసారి పూర్తిగా కరిగించిన మాంసాన్నో చేపనో మళ్లీ ఫ్రీజర్‌లోకి తోయకూడదు. కావలసినంతే బయటికి తీయాలి. ఇంకోమాట... పచ్చి మామిడిని, అరటిపండుని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుందని అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు. వేడిదేశపు పండ్లకి మరీ చలి తగిలితే అది గాయమే. అందుకే ఓడలో మామిడికి 13 డిగ్రీలు, యాపిల్‌కేమో సున్నా దగ్గర. అందరికీ ఒకే దుప్పటి సరిపోదు!

చెరువు గట్టు మీద మొదలు

చలిని నమ్ముకుని బాగుపడిన సరుకు మన రాష్ట్రంలోనే ఉంది... రొయ్య. భీమవరం వైపు చెరువులో వల లాగగానే రొయ్యల్ని మంచునీళ్లలో ముంచేస్తారు. గట్టు మీద నుంచే ఐసు మొదలు. తర్వాత ప్లాంటులో తల తీయడం, కడగడం, గడ్డకట్టించడం, మైనస్ 18 గిడ్డంగి, రీఫర్ కంటెయినరు, విశాఖ రేవు. 2023-24లో మన దేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసి 60 వేల కోట్ల రూపాయలకు పైగా సంపాదించింది. అందులో గడ్డకట్టిన రొయ్యలే ఏడు లక్షల టన్నులు పైన, విలువ 40 వేల కోట్లు. ఆ రొయ్యల్లో సింహభాగం పెరిగేది ఆంధ్రా చెరువుల్లోనే.

రాయలసీమలోనూ ఒక ముందడుగు పడింది. 2020 జనవరి నెలాఖరున తాడిపత్రి నుంచి ముంబయిలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవుకి ఒక రైలు బయల్దేరింది. దానిమీద 43 రీఫర్ కంటెయినర్లు, నిండా అనంతపురం జిల్లా పచ్చి అరటి. నీళ్ల కోసం అల్లాడే జిల్లా నుంచి చల్లటి రైలు! అయితే ఆ రైలు ఒక్కరోజులో రాలేదు. ఎగుమతి అరటికి గెలకి సంచి తొడగాలి. నేలకి తాకించకుండా కోయాలి. అత్తాలు విడదీసి కడిగి, పెట్టెల్లో సర్ది, చల్లగదిలో వేడి దించాలి. ఇన్ని పనులు తోట దగ్గరే జరిగితేనే పెట్టె తలుపు మూసే దాకా పోయేది.

మామిడి మొండితనం

మరి అదే పని మామిడితో ఎందుకు చేయకూడదు? చేస్తున్నారు, కానీ మామిడి అరటిలా మాట వినదు. అరటి ఏడాది పొడవునా వస్తుంది, గదులూ యంత్రాలూ ఖాళీగా ఉండవు. మామిడి రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు అలుగుతుంది. కోసేటప్పుడు తొడిమ విరిగి సొన కారితే తొక్క మీద మచ్చ. చెట్టు మీద కనిపించని తెగులు ఓడలో మూడో వారం నల్లటి చుక్కలుగా బయటపడుతుంది.

దీనికితోడు ఈగ భయం. కాయలో పండు ఈగ పిల్లలు దాక్కుని వస్తాయేమోనని ప్రతి దేశానికీ బెంగే. జపాన్ చాలా ఏళ్ల నిషేధం తర్వాత 2006లో మన మామిడికి తలుపు తీసింది... ఆవిరి వేడి పట్టిస్తేనే అని షరతు పెట్టింది. అమెరికా 2007లో ఒప్పుకుంది... కిరణాలతో శుద్ధి చేస్తేనే అంది. 2014 మేలో యూరప్ దేశాలు ఈగ దొరికిందని మన మామిడిని ఆపేసి, 2015 జనవరిలో మళ్లీ రానిచ్చాయి. ఇన్ని గడపలు దాటేసరికి చేతిలో ఉన్న నాలుగు వారాల్లో కొన్ని రోజులు కరిగిపోతాయి. అందుకే దూరదేశాలకి మామిడి ఎక్కువగా విమానంలోనే వెళ్లింది. విమానం ఛార్జీలు చూస్తే పండు ధర ఆకాశంలోనే ఉంటుంది. ఓడలో పంపితే ఖర్చు బాగా తగ్గుతుంది. 2022లో మహారాష్ట్ర నుంచి అమెరికాకి ఓడలో మామిడి పంపి చూసింది ఆ లెక్క మీదే. పెట్టెలో ప్రాణవాయువు తగ్గించి, బొగ్గుపులుసు వాయువు కాస్త పెంచితే కాయ ఊపిరి నెమ్మదించి మరికొన్ని రోజులు ఆగుతుంది.

కానీ సముద్రం మన క్యాలెండర్ చూసి నడవదు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకి అడ్డం పడి ఆరు రోజులు కదల్లేదు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. ఆ పది రోజులు గడ్డకట్టిన ముక్కకి కరెంటు ఖర్చు మాత్రమే. డ్రమ్ములోని గుజ్జుకి అదీ లేదు. పచ్చి కాయకి మాత్రం ప్రాణాంతకం.

చలి లేకుండా గెలిచిన గుజ్జు

అందుకే చిత్తూరు సీమ తెలివిగా మూడో దారి పట్టింది. ఇక్కడ ఎక్కువగా పండేది తోతాపురి. మన వాడుకలో బెంగుళూరా. ముక్కు తిరిగిన పొడవాటి కాయ, మందపు తొక్క, దండిగా కండ. కోసుకు తినేవాళ్లు తక్కువ, రసం తాగేవాళ్లు ఎక్కువ. ఫ్యాక్టరీలో కాయని మగ్గబెట్టి, కడిగి, టెంక వేరుచేసి, గుజ్జుని గబగబా వేడిచేసి చల్లార్చి, సూక్ష్మజీవి లేని సంచిలో నింపుతారు. ఒక్కో డ్రమ్ములో రెండు వందల కిలోల పైచిలుకు. మామూలు కంటెయినర్‌లో, ప్లగ్గు లేకుండా, సౌదీకో నెదర్లాండ్స్‌కో యెమెన్‌కో వెళ్లిపోతుంది. అక్కడ కూల్‌డ్రింకుల్లో, ఐస్‌క్రీముల్లో, పసిపిల్లల తిండిలో కలిసిపోతుంది. కొన్ని పరిశ్రమలు గడ్డకట్టించిన ముక్కలు కూడా చేస్తున్నా, రాశి అంతా గుజ్జుదే.

చలి పెట్టకుండానే గుజ్జు రెండేళ్లు ఆగగలుగుతోంది. అద్భుతమే! కానీ ఆగగలిగేది గుజ్జు... కాయ కాదు. గుజ్జు ఉన్నది ఫ్యాక్టరీ గోదాములో, కాయ ఉన్నది రైతు ట్రాక్టర్‌లో. తిరకాసంతా ఇక్కడే.

ఆగగలిగినవాడిదే ధర

2025 వేసవిలో ఈ తిరకాసు రోడ్డెక్కింది. తోతాపురి విరగకాసింది. గుజ్జు నిల్వలు అమ్ముడుపోక మిగిలాయని ఫ్యాక్టరీలు చెప్పాయి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. ఎక్కడి రైతైనా ఆ గేట్ల ముందుకే పోవాలి. టోకెన్ల కోసం పడిగాపులు, ట్రాక్టర్ల బారులు, ఎండలో రసం కారుతున్న కాయలు. ర్యాంపుల దగ్గర ధర రోజురోజుకీ దిగిపోయింది. కొందరు కోత కూలి కూడా రాదని కాయల్ని రోడ్డు పక్కన పారబోశారు. చివరికి ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అందేలా లెక్క కట్టింది... ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. 

ఆ ఎండలో ట్రాక్టర్ మీద కూర్చున్న రైతుకి లేనిదేమిటి? కాయ ఉంది. కష్టం ఉంది. లేనిది సమయం. పోయినేటి గుజ్జుతో ఇంకో నెల నడపగలిగిన కొనుగోలుదారు ముందు, రేపటికి కాయ కుళ్లిపోయే అమ్మకందారు నిలబడితే ధర ఎవరు చెబుతారో వేరే చెప్పక్కర్లేదు. రొయ్యల్లోనూ ఇదే తీరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, గిడ్డంగిలో మైనస్ 18లో ఉన్న రొయ్య ఇంకో మార్కెట్ దొరికేదాకా ఆగగలిగింది. చెరువులో కౌంటుకొచ్చిన రొయ్య ఆగలేదు. మేత ఖర్చు పెరుగుతుంటే దిగిన ధరకే రైతు పట్టించుకోవాల్సి వచ్చింది. 

వడ్లు మరపట్టించినట్టు...

ఇలాంటి ప్రతిసారీ వినబడే మాట ఒకటుంది: ‘ఊరూరా కోల్డ్ స్టోరేజీ కట్టేస్తే సరి!’ గుంటూరు మిర్చికి ఆ మాట నిజం. చింతపండుకీ నిజమే. నెలల తరబడి ఆగుతాయి. మామిడికాయ మాత్రం ఎంత మంచి చల్లగదిలోనైనా మూడు నాలుగు వారాలకి మించి ఆగదు. కాబట్టి తోతాపురికి వట్టి చల్లగది కట్టి కూర్చుంటే ప్రయోజనం కొంతే. నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోవచ్చు, టోకెన్ వచ్చేదాకా కాయ చెడకుండా కాచుకోవచ్చు. అదీ తక్కువేం కాదు... కానీ రెండు నెలల వరదకి అది చాలదు.

బేనీషా, ఖాదర్, ఇమాం పసంద్ లాంటి తినే రకాలకి మాత్రం మొదటి దారి తెరవొచ్చు. తెల్లవారి కోత, తొడిమతో కోత, ఊరి దగ్గరే వేడి దించే గది, చిల్లుల అట్టపెట్టె... తాడిపత్రి అరటి నడిచిన బాట అదే. ముందుగా గల్ఫ్ లాంటి దగ్గరి దేశాలకి ఓడలో, ఆపైన దూరదేశాలకి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదిది. ఒక కంటెయినరు నిండాలంటే ఒకే రకం, ఒకే పక్వం, ఒకే సైజు కాయలు టన్నుల్లో కావాలి. పదిమంది తోటలు ఒకే మాట మీద ఉండాలి.

తోతాపురికి ఉన్న దారి ఇంకోటి... కాయని గుజ్జుగానో గడ్డకట్టిన ముక్కగానో మార్చి, అది అమ్ముడయ్యేదాకా రైతు పేరు మీదే ఉంచుకోవడం. మిల్లుకి వడ్లు వేసి, మరపట్టిన కూలి ఇచ్చి, బియ్యం బస్తాలు ఇంటికి తెచ్చుకోవడం మనకి తెలిసిందే కదా. అలాగే రైతు సంఘం కాయ ఇచ్చి, ఫ్యాక్టరీకి కూలి చెల్లించి, డ్రమ్ములు తన పేరున గోదాములో పెట్టుకుంటే? రెండు టన్నుల కాయకి సుమారు ఒక టన్ను గుజ్జు వస్తుంది. ఆ డ్రమ్ములు రెండేళ్లు ఆగుతాయి. ధర బాగుందనుకున్నప్పుడు అమ్ముకోవచ్చు. 

చెప్పినంత తేలిక కాదు. కూలి డబ్బు ముందే కావాలి. డ్రమ్ము, సంచి, గోదాము అద్దె... అన్నీ ఖర్చులే. ఇంటి ఖర్చులకి, పిల్లల ఫీజులకి జూన్‌లోనే డబ్బు అవసరమైన రైతు రెండేళ్లు ఎలా ఆగుతాడు? గోదాములోని సరుకుని చూపి బ్యాంకు అప్పు ఇవ్వాలి. రైతు సంఘానికి గుజ్జు నాణ్యత పరీక్షలు తెలియాలి. విదేశీ కొనుగోలుదారు అడిగే కాగితాలు తెలియాలి. ఏ తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసిపెట్టే అలవాటు రావాలి. ఆ ఏడాది ధర పెరగకపోతే వచ్చే నష్టానికీ సిద్ధంగా ఉండాలి. అయినా, ఎండలో రోడ్డు మీద కుళ్లే కాయ కన్నా నీడలో గోదాములో ఉన్న డ్రమ్ముకి విలువ ఎక్కువే.

చలి, వేడి, సంచి, డ్రమ్ము... ఏ రూపంలో వచ్చినా ఇవన్నీ చేసే పని ఒక్కటే. కాయకి కొంచెం ఆయువు పోస్తాయి. ఆ ఆయువు ఎవరి గోదాములో ఉంటే ధర చెప్పే నోరూ అక్కడే ఉంటుంది. వచ్చే సీజన్‌కి పాకాల తోటల్లో పూత ఎలాగూ వస్తుంది. ఆ కాయతో పాటు నాలుగు వారాలో నాలుగు నెలలో ఆగే వీలు కూడా రైతు చేతికొస్తే... దామలచెరువు బేరం మొదటిసారి రెండు వైపుల నుంచీ సాగుతుంది!